ఖయామత్ తర్వాత రెండొందల ఏళ్లకు వాళ్లు ఏం తింటున్నారు?

ఒక వీడియో గేమ్ గురించి తారీఖ్ రాయడమేమిటని మీలో కొందరికి అనిపించొచ్చు. తారీఖ్ అంటే బాద్‌షాల జంగులు, ఖిల్లాలు, ఫర్మానాలు అని మనకు స్కూలు రోజుల నుంచీ అలవాటు. కానీ ఒకే ఒక్క సవాలు మీద మనుషులు 2008 నుంచి ఇప్పటిదాకా బహస్ చేస్తూనే ఉన్నారంటే, ఆ బహస్‌కీ ఒక తారీఖ్ ఉన్నట్టే. ఆ సవాలు చాలా సాదాసీదాది. "ఈ బస్తీలో జనం ఏం తింటున్నారు?"

ఆ గేమ్ పేరు ఫాలౌట్. అణుబాంబు పేలాక పైనుంచి రాలే విషపు ధూళిని ఇంగ్లీషులో అలా అంటారు. కహానీ అమెరికాలో జరుగుతుంది. 2077 అక్టోబరు 23న అణుయుద్ధం వచ్చి రెండు గంటల్లో దునియా తబాహ్ అయిపోతుంది. కొందరు మాత్రం భూమి లోపల కట్టిన పెద్ద పెద్ద తహ్‌ఖానాల్లో చేరి బతుకుతారు. గేమ్‌లో వాటిని వాల్ట్‌లు అంటారు. తరాలు గడిచాక ఒక మనిషి తలుపు తెరుచుకుని పైకి వస్తాడు. పైన అంతా వీరానా. ఆ మనిషిని నడిపించేది ఆడేవాళ్లు. (ఖయామత్ అని శీర్షికలో పెట్టింది దీన్‌లో చెప్పిన ఆ రోజు గురించి కాదు. ఇంట్లో పిల్లలు అల్లరి చేస్తే "ఏంట్రా ఈ ఖయామత్" అంటామే, ఆ వాడుక మాట. పెద్దలు నొచ్చుకోవద్దు.)

మొదటి ఫాలౌట్ 1997లో వచ్చింది. తయారుచేసింది ఇంటర్‌ప్లే కంపెనీ. టిమ్ కెయిన్, లెనార్డ్ బొయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్ లాంటివాళ్లు దాని వెనుక ఉన్నారు. అందులో హీరో తఖ్త్ గెలవడానికో, బదలా తీర్చుకోవడానికో బయల్దేరడు. అతని తహ్‌ఖానాలో నీళ్లు శుద్ధిచేసే యంత్రంలో ఒక చిప్ పాడైపోతుంది. 150 రోజుల్లో ఇంకో చిప్ వెతికి తేవాలి. తేలేకపోతే లోపలున్న జనమంతా దాహంతో పోతారు. కహానీ అక్కడ మొదలవుతుంది, నీళ్ల దగ్గర.

దారిలో మొదట తగిలే ఊరు షేడీ శాండ్స్. మట్టిగోడల ఇళ్లు, పక్కనే పొలం, కొట్టంలో పశువులు. అక్కడొక రైతుతో మాట కలిపి, మీ హీరోకి కాస్త సైన్సు తెలిసి ఉంటే, పంట మార్పిడి గురించి చెప్పొచ్చు. తుపాకీ తీయకుండా, రాక్షసుణ్ణి చంపకుండా, ఏటా ఒకే పంట వేయకు నాయనా అని చెప్పినందుకు గేమ్ మీకు పాయింట్లిస్తుంది. ఇంకా ముందుకెళ్తే హబ్ అనే పెద్ద బజారు ఊరు. అక్కడ నీళ్లమ్మే సౌదాగర్లుంటారు. వాళ్లకు డబ్బు కడితే మీ తహ్‌ఖానాకు నీళ్ల కాఫ్లా పంపుతారు, మీకు ఇంకో వంద రోజుల మొహలత్ దొరుకుతుంది. ఆ దునియాలో చలామణీ అయ్యే సిక్కా కూల్‌డ్రింకు సీసా మూత. నవ్వొస్తుంది కదా? కానీ ఆ మూతకు పూచీ ఆ నీళ్ల సౌదాగర్లదే. మూత ఇస్తే నీళ్లిస్తాం అన్న వాళ్ల జబాన్ మీద ఆ సిక్కా నడుస్తుంది.

కావలసిన చిప్ దొరికేది నెక్రోపొలిస్ అనే ఊరి అడుగున. అక్కడుండేవాళ్లు రేడియేషన్ వల్ల చర్మం ఊడి, ముఖాలు చెడి, అయినా చావకుండా మిగిలిపోయిన మనుషులు. వాళ్లను గూల్ అంటారు. అరబ్బీలో ఉన్న పాత మాటే అది. మన పెద్దవాళ్లు అడవిలో దారి తప్పించే భూతాన్ని గూల్-ఎ-బయాబానీ అనేవాళ్లు. ఆ మాటే ఇంగ్లీషు ఇళ్లన్నీ తిరిగి గేమ్‌లోకి వచ్చింది. సరే, అసలు సంగతేమిటంటే, వాళ్ల పాత నీళ్ల పంపు బాగుచేయకుండా మీరు చిప్ ఎత్తుకుపోతే ఆ గూల్స్ నీళ్లులేక చచ్చిపోతారు. మీ జనాన్ని బతికించడానికి ఇంకో జనం గొంతు ఎండగట్టారన్నమాట. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చిన తకరార్‌లో ఇదే పెద్ద సబూత్ అయింది.

1998లో రెండో భాగం వచ్చింది. మధ్యలో 80 ఏళ్లు గడిచాయి. మొదటి ఆటలో మట్టిగోడల ఊరుగా చూసిన షేడీ శాండ్స్ ఇప్పుడొక హుకూమత్‌కి రాజధాని. మొదటి ఆటలో దోపిడీదారులు ఎత్తుకుపోతే మనం విడిపించుకొచ్చిన ఊరిపెద్ద కూతురు టాండీ ఇప్పుడు ముసలమ్మ, ఆ దేశానికి ప్రెసిడెంటు. సొంత నాణేలు వచ్చేశాయి, సీసా మూతలకు కాణీ విలువ లేదు. అంటే ఆ దునియాలో కాలం నడుస్తోంది. పొలం నుంచి ఊరు, ఊరు నుంచి ముల్క్, ముల్క్ నుంచి సిక్కా, పన్ను, ఫౌజు. తారీఖ్ అంటే ఇదే కదా.

ఇక్కడొక మాట సాఫ్‌గా చెప్పుకోవాలి. ఈ పాత ఆటలు సైన్సు పుస్తకాలేమీ కాదు. అందులో మనిషంత తేళ్లుంటాయి. 1954లో అమెరికాలో వచ్చిన 'దెమ్!' సినిమాలో అణుపరీక్షల వల్ల చీమలు ఏనుగులంత పెరుగుతాయి. ఆ జమానా భయాలనే ఫాలౌట్ నెత్తికెత్తుకుంది. రేడియేషన్ తగిలితే మనిషి కేన్సర్‌తో పోతాడు గానీ తేలు పెద్దదవదని ఆడేవాళ్లందరికీ తెలుసు. దాని మీద ఎవరికీ ఎతరాజ్ లేదు. కాబట్టి తర్వాత వాళ్లు "హకీకత్ లేదు, హకీకత్ లేదు" అని గోల చేసినప్పుడు అడిగింది సైన్సు కాదు. ఈ తేడా పట్టుకోకపోతే బహస్ మొత్తం పిచ్చివాళ్ల గొడవలా కనిపిస్తుంది.

ఇంటర్‌ప్లే దివాలా అంచుకు చేరింది. ఈ ఆటలు తయారుచేసిన బ్లాక్ ఐల్ విభాగం 2003 డిసెంబరులో మూతపడింది. లోపల లోపల తయారవుతున్న మూడో భాగం అక్కడే ఆగిపోయింది. 2007లో బెథెస్డా అనే కంపెనీ 57.5 లక్షల డాలర్లకు ఫాలౌట్ హక్కులు పూర్తిగా కొనుక్కుంది. 2008 అక్టోబరు 28న ఫాలౌట్ 3 విడుదలైంది. టాడ్ హోవర్డ్ డైరెక్టరు, ఎమిల్ పాగ్లియరూలో ముఖ్య రచయిత.

పాత ఆటల్లో అంతా పైనుంచి, చదరంగం బల్ల మీద చూసినట్టు కనిపించేది. ఇందులో మీ కళ్లతో మీరే నడుస్తారు. తహ్‌ఖానా తలుపు తెరుచుకుని బయటికొచ్చిన ఆ క్షణం ఉంటుంది చూడండి, ఎండకు కళ్లు చెదిరి, మెల్లిగా కిందున్న ఖండహర్ తేటపడుతుంది. విరిగిన రోడ్లు, మోడైన చెట్లు, దూరంగా వాషింగ్టన్ స్మారకస్తంభం. నేను చాలా ఆలస్యంగా, కంప్యూటర్ మీద ఆడాను. అప్పటికే ఎన్నో ఆటలు చూసినవాణ్ణి. అయినా కాసేపు కదలకుండా నిలబడిపోయాను. ఆట బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది, సమీక్షకులు ఆకాశానికెత్తారు.

పాత ఆషిఖ్‌లు మాత్రం లెక్కలు తీశారు.

ఫాలౌట్ 3 జరిగేది 2277లో. అంటే బాంబులు పడి సరిగ్గా 200 ఏళ్లు. అయినా ఒక పాడుబడ్డ సూపర్ మార్కెట్‌లోకి వెళ్తే డబ్బాల్లో తిండి ఇంకా అరల్లోనే ఉంటుంది. రెండు శతాబ్దాల్లో ఆకలేసిన మనిషి ఒక్కడూ ఆ గుమ్మం తొక్కలేదా? అదే ఊళ్లో జనం ఇళ్లల్లో చెత్త, అస్థిపంజరాలు అలాగే ఉంటాయి. ఏ ఇంటి ఆడవాళ్లయినా 200 ఏళ్లు చీపురు పట్టకుండా ఉంటారా అని మా ఆపా అడిగింది, నేను ఆడుతుంటే చూసి. మెగాటన్ అనే బస్తీ ఉంది. పేలకుండా మిగిలిన ఒక అణుబాంబు చుట్టూ, విమానాల రేకులతో కట్టిన ఊరు. ఆ బాంబు పక్కన ఎందుకు కాపురముంటున్నారన్నది ఒక సవాలు. అంతకంటే పెద్దది, ఆ ఊరికి చుట్టుపక్కల ఎక్కడా పొలం లేదు. నీళ్ల ప్లాంటు ఉంది, హోటలుంది, దవాఖానా ఉంది, తుపాకుల దుకాణముంది. గోధుమలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చెప్పేవాడు లేడు. పైగా మూడువేల మైళ్ల అవతల, రెండో భాగంలోనే చెల్లకుండా పోయిన సీసా మూతలు ఇక్కడ మళ్లీ సిక్కాలయ్యాయి. ఎవరి పూచీ మీద?

రేడియేషన్ లెక్క కూడా తీశారు. అణుబాంబు ధూళిలో ఎక్కువకాలం బాధపెట్టే సీసియం-137 ముప్ఫై ఏళ్లకోసారి సగమవుతుంది. 200 ఏళ్లకు నూటికి ఒక వంతు మిగులుతుంది. కాబట్టి అప్పటికి అడవులు మళ్లీ లేవాలి, వాషింగ్టన్ పచ్చగా ఉండాలి. నాకు ఈ లెక్కకంటే మనుషుల లెక్క ఎక్కువ నచ్చింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడింది. మూడో రోజుకే, ఆగస్టు 9న, ఆ ఊళ్లో కొంతమేర ట్రాము నడిచింది. శవాలింకా తీయలేదు, ట్రాము నడిచింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1258లో హులాగూ బగ్దాద్‌ను తబాహ్ చేశాడు. అంతకు మించిన తబాహీ మన పెద్దల జ్ఞాపకంలో లేదు. 69 ఏళ్ల తర్వాత, 1327లో, ఇబ్న్ బతూతా ఆ ఊరికి వెళ్లాడు. పడమటి ఒడ్డు చాలాభాగం ఖండహర్‌గానే ఉందని రాశాడు. ఆ పక్కనే హమ్మామ్‌ల గురించి కూడా రాశాడు: వేడినీళ్లకొకటి, చన్నీళ్లకొకటి గొట్టాలు, స్నానానికి వచ్చిన ప్రతివాడికీ మూడేసి తువ్వాళ్లు. ఖండహర్ నిజమే, తువ్వాళ్లూ నిజమే. 69 ఏళ్లకే తువ్వాళ్లు ఉతికి ఆరేసే మనుషులుంటే, 200 ఏళ్లకు గడపలో అస్థిపంజరం తీసేవాడు ఉండడా?

కొత్త ఆట వైపు వకాలత్ చేసినవాళ్లు ఊరుకోలేదు. వాళ్ల దలీళ్లు కూడా తేలిగ్గా తీసేసేవి కావు. వాషింగ్టన్ రాజధాని, బాంబులన్నీ దాని మీదే కురిసి ఉంటాయి, కాలిఫోర్నియాతో పోలిక పెట్టొద్దన్నారు. తినేవన్నీ తెర మీద చూపించాలంటే ఆట ఎక్కడ ఆడతాం అన్నారు. అన్నిటికంటే గట్టిది ఇంకొకటి: ఆ అస్థిపంజరాలు చెత్త కాదు, అవే కహానీ. నిజమే. ఒక ఇంట్లో మంచం మీద ఒకరి పక్కన ఒకరు పడుకున్న రెండు అస్థిపంజరాలు కనిపిస్తాయి. ఎవరూ ఏమీ చెప్పరు. చూసినవాడికి తెలిసిపోతుంది. కెల్లర్ అనే కుటుంబం మాట్లాడి రికార్డు చేసుకున్న టేపులు ఆ వీరానాలో వేరువేరు చోట్ల పడి ఉంటాయి. బాంబుల వేళ అందరూ ఒక బంకరుకు చేరుకోవాలనుకున్నారు. తలుపు రహస్య అంకె ముక్కలుగా ఒక్కొక్కరి దగ్గర ఉంది. టేపులు ఎక్కడెక్కడ దొరికాయో చూస్తే ఎవరు ఎక్కడిదాకా రాగలిగారో అర్థమవుతుంది. చెదిరిపోయిన ఒక ఖాందాన్ గొంతులు వింటూ దారి నడవడం, అది పాత ఆటల్లో లేని దర్ద్. సరుకుల లెక్క అడిగేవాడు దీన్ని కాదనలేడు.

నాకు ఇక్కడ దాస్తాన్‌లు గుర్తొస్తాయి. దాస్తాన్-ఎ-అమీర్ హమ్జాలో అమర్ అయ్యార్ దగ్గర జంబీల్ ఉంటుంది. అది చూడటానికి సంచీయే గానీ అందులో దునియా పడుతుంది. దానికి అడుగుండదు. గేమ్ ఆడే మా భాంజా హీరో సంచీలో పన్నెండు తుపాకులు, నాలుగు కోట్లు, అరవై డబ్బాల తిండి వేసుకుని పరుగెత్తుతుంటే నాకు జంబీలే కనిపించింది. దాస్తాన్‌గో చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరూ అమీర్ హమ్జా లష్కర్‌కు రేషన్ ఎవరు పంపారని అడగలేదు. అడిగితే తిలిస్మ్ విరిగిపోతుంది. మా నానీ మాత్రం అడిగేది. మా నానా కిస్సా చెబుతూ షహజాదా నలభై రోజులు అడవిలో నడిచాడనగానే బావర్చీఖానాలోంచి, "నలభై రోజులు ఏం తిన్నాడట?" అని వినిపించేది. నానా చిరాకుపడేవాడు. కానీ తర్వాత నుంచి షహజాదాకి ఒక ఖర్జూరాల మూట కట్టించి పంపేవాడు, అది నాకు బాగా గుర్తు.

ఇద్దరూ కిస్సా ప్రేమించినవాళ్లే. అందుకే ఈ తకరార్‌ను హకీకత్ ఒకవైపు, కహానీ ఒకవైపు అని విడగొట్టడం నాకు సమ్మతం కాదు. ఏ కిస్సా మనకు ఏం వాదా చేసిందన్నదే చూడాలి. జంబీల్ ఉన్న దాస్తాన్ మనకు రేషన్ లెక్క వాదా చేయలేదు. ఫాలౌట్ చేసింది. 1997లో నీళ్ల చిప్ కోసం 150 రోజులు పరుగెత్తించి, పంపు బాగుచేయని పాపానికి ఒక ఊరంతా చచ్చిపోయిందని చూపించి, ఇక్కడ ప్రతి మనిషికీ దాహమవుతుందని మాట ఇచ్చింది. వారిస్ వచ్చి ఆ ఇంటిపేరు పెట్టుకున్నప్పుడు ఆ మాట కూడా వారసత్వంలో వస్తుంది. ఇంటిని కొన్నవాడు అప్పుల్ని కొనలేదంటే ఎలా?

అలాగని పాత ఆషిఖ్‌లు ప్రతి చోటా సరిగ్గా చూశారనుకోను. లిటిల్ ల్యాంప్‌లైట్ అనే గుహ ఉంది. స్కూలు పిల్లలు విహారానికి వచ్చినప్పుడు బాంబులు పడ్డాయి, అప్పట్నుంచి ఆ గుహలో పిల్లలే ఉంటారు. పదహారేళ్లు నిండగానే బయటికి పంపేస్తారు. దీన్ని ఎగతాళి చేసినంతగా ఇంకే చోటునీ చేయలేదు. పిల్లలే ఉండే చోట 200 ఏళ్లుగా కొత్త పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తున్నారన్నదానికి జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ తిండి సంగతి అడిగితే జవాబుంది: గుహలో పెరిగే ఒకరకం పుట్టగొడుగు. వంటచేసే పిల్లాడున్నాడు. మొత్తం వాషింగ్టన్‌లో ఇంత సాఫ్‌గా తిండి లెక్క చెప్పిన బస్తీలు తక్కువ, దాన్నే అందరూ నవ్వులపాలు చేశారు.

ఇక మన ముల్క్ మాట. విడుదలకు కొద్దిరోజుల ముందు, 2008 అక్టోబరులో, ఇక్కడి సాంస్కృతిక సున్నితత్వాలను దృష్టిలో పెట్టుకుని ఈ ఆటను భారత్‌కు తేవడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అసలు వజా ఇదీ అని విడమర్చి చెప్పలేదు. అందరి అనుమానం మాత్రం ఆటలోని ఆవు మీదికి పోయింది. రేడియేషన్ వల్ల రెండు తలలతో పుట్టే ఆవుజాతి అది. దాని పేరు బ్రాహ్మిన్. అమెరికాలో బ్రాహ్మన్ అనే పశుజాతి నిజంగానే ఉంది. మన దేశం నుంచి వెళ్లిన గిర్, గుజరాత్, నెల్లూరు, కృష్ణాలోయ జాతుల్ని కలిపి అక్కడివాళ్లు తయారుచేసుకున్న జాతి. నెల్లూరు జాతి అంటే మన ఒంగోలు గిత్తే. కాబట్టి వాషింగ్టన్ వీరానాలో మూటలు మోస్తూ తిరిగే ఆ రెండు తలల ఆవు వంశవృక్షం తీస్తే ఎక్కడో ఒకచోట మన ప్రకాశం జిల్లా తగులుతుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, "ఏం తింటున్నారు?" అన్న సవాలుకు ఫాలౌట్ దగ్గరున్న గట్టి జవాబు ఈ ఆవే. పాలు, మాంసం, తోలు, ఊరి నుంచి ఊరికి కాఫ్లా, అన్నీ దాని మీదే. ఫాలౌట్ 3లో పొలాలు లేవన్నది నిజమేగానీ, కాఫ్లా సౌదాగర్లు ఈ ఆవుల మీద సరుకేసుకుని బస్తీలు తిరుగుతూనే ఉంటారు. ఆ దునియాకి కాస్తో కూస్తో రోజీరోటీ చూపించిన జంతువు పేరు మీద మన దగ్గర దర్వాజా మూశారని అనుమానం. ఒక పేరుకు జనం మనసు నొచ్చుకుంటుందన్నది తేలిగ్గా తీసేయదగ్గ సంగతి కాదు, అది మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ పేరొక్కటి మార్చి తేవచ్చు. జపాన్‌లో అలాగే చేశారు. నాగసాకి మీద వేసిన బాంబు పేరున్న ఆయుధానికి పేరు మార్చి, మెగాటన్‌ను పేల్చేసే దారిని తీసేసి అమ్మారు. ఆస్ట్రేలియాలో మార్ఫిన్ పేరు అభ్యంతరమైతే మందు పేరు మార్చారు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద గొడవకు వస్తున్నాను. ఫాలౌట్ 3 ముగింపు తెలుసుకోకూడదనుకునేవాళ్లు రెండు పేరాలు దాటేయండి.

కహానీ కేంద్రంలో ఇక్కడా నీళ్లే. హీరో తండ్రి శాస్త్రవేత్త. జెఫర్సన్ స్మారకభవనంలో ఒక యంత్రం పెట్టి నది నీళ్లన్నీ శుద్ధిచేసి జనానికి ఉచితంగా ఇవ్వాలన్నది అతని ఖ్వాబ్. దాని కోసమే ప్రాణమిస్తాడు. చివర్లో యంత్రం నడపాలంటే ఎవరో ఒకరు రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లి అంకె నొక్కాలి. వెళ్లినవాళ్లు బతకరు. బేటా వెళ్లి బాప్ పని పూర్తిచేసి ఖుర్బానీ ఇస్తాడు. చదువుతుంటే గొప్పగా ఉంది కదా? ఆడినవాళ్లు మండిపడ్డారు. ఎందుకంటే అప్పటికి హీరో పక్కన ఫాక్స్ అనే దోస్త్ ఉండొచ్చు. రేడియేషన్ ఏమీ చేయలేని శరీరం అతనిది. అంతకుముందే అలాంటి గదిలోకి తాపీగా వెళ్లి ఒక యంత్రం తెచ్చిపెట్టింది అతనే! ఈసారి నువ్వెళ్లు భాయ్ అంటే, ఇది నీ తఖ్దీర్, నేను అడ్డురాను అన్నట్టు జవాబిస్తాడు.

రేడియేషన్ లెక్క కాదు, సీసియం లెక్క కాదు, ఆట తానే చెప్పిన మాటను తానే మరిచిపోయింది. ఇక్కడ హకీకత్ దెబ్బతినడం వల్లే కహానీ దెబ్బతింది. ఖుర్బానీకి ఖీమత్ వచ్చేది వేరే దారి లేనప్పుడు. దారి పక్కనే నిలబడి, వద్దులే నువ్వే చావు అంటుంటే అది షహాదత్ కాదు, రచయిత జిద్. గొడవ ఎంత పెద్దదైందంటే 2009 మేలో 'బ్రోకెన్ స్టీల్' పేరుతో అదనపు భాగం తెచ్చి ముగింపు మార్చారు. ఫాక్స్‌ను పంపొచ్చు, హీరో కూడా బతుకుతాడు. అయినా ఫాక్స్‌ను పంపినవాళ్లను చివరి మాటల్లో గొంతు బుజ్‌దిల్ అన్నట్టే దెప్పుతుంది. ఓడిపోయినా మొండితనం పోలేదు చూడండి!

పాత ఇంటివాళ్లకు జవాబిచ్చే అవకాశం 2010లో వచ్చింది. బెథెస్డా తన పేరు మీదే ఒక ఫాలౌట్‌ను అబ్సీడియన్ కంపెనీకి అప్పగించింది. అందులో జాష్ సాయర్, క్రిస్ అవెలోన్ లాంటి పాత బ్లాక్ ఐల్ మనుషులున్నారు. ఏడాదిన్నరలో పూర్తిచేయమన్నారు. ఆ ఆట న్యూ వేగాస్. అందులో మొదటి బస్తీలోనే బావి, తోట, మేకల్లాంటి పశువులు కనిపిస్తాయి. షేడీ శాండ్స్ నుంచి పెరిగిన ఆ హుకూమత్ ఇప్పుడు హూవర్ డ్యామ్ దాకా వచ్చింది. కౌలు రైతులున్నారు, వాళ్ల నీళ్లు ఎవరు మళ్లిస్తున్నారో తేల్చే ఒక కేసు ఉంది. దొంగను పట్టుకుని చూస్తే ఆ నీళ్లు పేదల బస్తీ పొలానికి పోతుంటాయి. ఇన్సాఫ్ ఎటు? సీసా మూతల సవాలుకు కూడా జవాబు రాశారు: హుకూమత్ బంగారు ఖజానా మీద దాడి జరిగి వాళ్ల నోటు మీద భరోసా పోయింది, అప్పుడు హబ్ సౌదాగర్లు నీళ్ల పూచీతో మూతల్ని మళ్లీ చలామణీలోకి తెచ్చారు. రెండు వాక్యాల్లో సరిపోయింది. ఆ రెండు వాక్యాలు రాయడానికి మనసుండాలి, అంతే.

న్యూ వేగాస్ విడుదలైనప్పుడు లోపాలతో తడబడింది. సమీక్షల సగటు 85 వస్తే అబ్సీడియన్‌కు బోనస్ దక్కేదని, 84 వచ్చిందని అవెలోన్ తర్వాత చెప్పాడు. ఒక్క మార్కు! ఇప్పుడు మాత్రం ఆషిఖ్‌లు తఖ్త్ మీద కూర్చోబెట్టేది దాన్నే. నాకూ అదే ఇష్టం, కానీ తహ్‌ఖానా తలుపు తెరుచుకున్న ఆ ఎండ అందులో లేదు. తిండి లెక్క సరిపోయిన చోట ఆ హైరత్ కొంచెం తగ్గింది.

2015లో బెథెస్డా ఫాలౌట్ 4 తెచ్చింది. ఈసారి మీరే బస్తీలు కట్టొచ్చు. మొక్కజొన్న, పుచ్చకాయలు నాటొచ్చు. ఒక్కో మనిషికీ ఇంత తిండి, ఇన్ని నీళ్లు, ఒక మంచం అని ఆటే లెక్కవేసి చూపిస్తుంది. ఏడేళ్లు అడిగిన సవాలు చివరికి ఆటలోనే ఒక పట్టీ అయి కూర్చుంది. అదే ఆటలో ఇంకో కిస్సా ఉంది. బాంబుల రోజున ఫ్రిజ్‌లో దూరిన ఒక పిల్లాడు 210 ఏళ్లు అందులోనే ఇరుక్కుని, గూల్‌గా మారి, తలుపు తీయగానే మాట్లాడతాడు. అమ్మానాన్నలు కూడా పక్క ఊళ్లోనే గూల్స్‌గా బతికున్నారు. పిల్లాణ్ణి ఇంటికి చేర్చాలి. నెక్రోపొలిస్‌లో నీళ్లులేక చనిపోయిన గూల్స్ గుర్తున్నారా? అభిమానులు ఆ సబూత్ పట్టుకుని మళ్లీ అదాలత్ పెట్టారు. నేనూ మనసులో లెక్కవేశాను, లెక్క కుదరలేదు. పిల్లాడు తల్లి దగ్గరికి పరుగెత్తినప్పుడు మాత్రం మా ఇంట్లో తెర చూస్తున్నవాళ్లెవరూ లెక్క అడగలేదు. మా ఆపా కూడా.

2024 ఏప్రిల్‌లో అమెజాన్ ఫాలౌట్‌ను సీరియల్‌గా తెచ్చింది. అందులో షేడీ శాండ్స్ లేదు. ఉన్నచోట పెద్ద గుంత ఉంది. బాంబు వేసి లేపేశారు. ఒక స్కూలు గది నల్లబల్ల మీద ఆ ఊరి పతనం అని రాసి 2277 అని తారీఖు వేసి, పక్కన పుట్టగొడుగు మబ్బు బొమ్మ గీసి కనిపిస్తుంది. న్యూ వేగాస్ జరిగేది 2281లో; అందులో ఆ హుకూమత్ బలంగానే ఉంది. అంటే మా ఆటను తారీఖ్‌లోంచి చెరిపేశారా అని మళ్లీ బహస్ లేచింది. బాంబు పడింది న్యూ వేగాస్ సంఘటనల తర్వాతేనని తయారీదారులు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

పక్కన కూర్చుని చూస్తున్న మా భాంజా, "ఒక్క తారీఖు కోసం ఇంత లడాయి ఎందుకు మామూ?" అన్నాడు. వాడు పాత ఆట ఆడలేదు. వాడి లాప్‌టాప్‌లో 1997 నాటి ఫాలౌట్ వేసి ఇచ్చాను. ఆ చిన్న చిన్న బొమ్మలు, నత్తనడక చూసి మొదట ముఖం చిట్లించాడు. రెండో రోజు ఫోన్ చేసి ఆ మట్టిగోడల ఊరు చేరానన్నాడు. పొలం దగ్గర ఒక రైతున్నాడు, అతనితో మాట్లాడు అని మాత్రం చెప్పాను.